పెద్దోడికి రాసిచ్చిన మోళ్లు

నా వయసు డెబ్బై మూడు. చదువు ఏడో తరగతి. కోత మిల్లులో రంపం దగ్గర నలభై ఒక్క ఏళ్లు పనిచేశాను. పది వేళ్లూ ఉన్నాయి, మతి కూడా ఉంది. ఈ వీలునామా ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పొద్దున్నే కాఫీ తాగి, నా సొంత దస్తూరీతో రాస్తున్నాను. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది కాబట్టి ప్రతి అక్షరమూ స్పష్టంగా కనిపిస్తోంది. ముసలాయనకి చూపు ఆనదు, ఏం రాశాడో ఆయనకే తెలీదు అని రేపు ఎవరన్నా వాదిస్తే ఆ వాదన చెల్లదు.

రాసే ముందు ఒక మాట. ఈ రోజు నేను పట్టలేనంత సంతోషంగా ఉన్నాను. పెళ్లినాడు కూడా ఇంత సంతోషం లేదు. మా ఆవిడ ఇది చదివితే చదవనీ. మార్చి నెలలో మా పెద్దోడు కొట్టించిన నూట ముప్పై ఎనిమిది చెట్లలో నూట ఇరవై ఒకటి చిగురించాయి. నిన్న నేనే వెళ్లి ఒక్కొక్కటీ ముట్టుకుని లెక్కపెట్టాను. అనుమానం వచ్చి రెండోసారి లెక్కపెడితే అంతే వచ్చింది. అలా అని నా కోపం తీరిపోయిందని ఎవరూ సంబరపడొద్దు. కోపం ఎక్కడిదక్కడే ఉంది. మూడు నెలలు నీరసంగా కోప్పడ్డాను. ఇప్పుడు ఓపిక వచ్చింది, తీరిగ్గా కోప్పడతాను.

1. ఏప్రిల్ నెలలో నేను రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో పెద్దోడికి ఒక్క పుల్ల కూడా దక్కకూడదని నాలుగు చోట్ల రాశాను. మిల్లులో దుంగలు కొలిచే ఉద్యోగం చేసిన నా స్నేహితుడు, అతన్ని అందరూ టేపు అంటారు, అది చదివి, "ఇది వీలునామా కాదురా, తిట్ల దండకం. దీన్ని రిజిస్టర్ చేయరు, పోలీసు స్టేషన్‌లో తీసుకుంటారు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఈ వీలునామాకు అమలుదారుగా అతన్నే నియమిస్తున్నాను. ఏది ఎంత ఉందో అంతే చెప్పే మనిషి, నా విషయంలో కూడా.

2. నా వారసులు ముగ్గురు. నా భార్య. బాత్రూం టైల్స్ షోరూం నడిపే పెద్దోడు. ఆసుపత్రిలో నర్సుగా చేసే చిన్నది. పెద్దోడి భార్య, అంటే నా కోడలు, చట్టప్రకారం వారసురాలు కాదు. ఆ చట్టం సంగతి తొమ్మిదో అంశంలో చూస్తాను.

3. మేముంటున్న రెండు గదుల ఇల్లు, వెనక వరండా, నీళ్ల తొట్టి, మొత్తం నా భార్యకు జీవితాంతం. ఆమె తదనంతరం చిన్నదానికి సర్వహక్కులతో. ఇంట్లో ఉన్న గిన్నెల్లో సగం గిన్నెలు పాడు చేసింది నేనే. రేల గింజల పైపెంకు ఇనుములా ఉంటుంది, వేణ్నీళ్లు పోసి రాత్రంతా నానబెడితే గానీ అవి మొలవవు. ఆమె పాలగిన్నె అడక్కుండా తీసుకున్నాను. తిట్టింది. తర్వాత తనే మిల్లు నుంచి నేను తెచ్చిన గరుకు కాగితం ముక్క పట్టుకుని, టీవీ చూస్తూ, గింజలు ఒక్కొక్కటే రుద్దింది. ఆ ఏడాది నేను నానబెట్టినవి ఇరవైలో మూడు మొలిస్తే ఆమె రుద్దినవి ఇరవైలో పదహారు మొలిచాయి. అప్పుడు ఆమెకు చెప్పలేదు, నేనే రుద్దానని టేపుతో కోతలు కోశాను. ఇప్పుడు చట్టబద్ధంగా ఒప్పుకుంటున్నాను.

4. అసలు ఆస్తి. ఊరి చివర ఎకరంన్నర నేల. హద్దులు: తూర్పున రైలు కట్ట. దక్షిణాన బండి దారి. ఉత్తరాన రాళ్ల గుట్ట, అది ఎవరిదీ కాదు. పడమర నర్సరీవాడి గోడ. పైభాగం రాతినేల, కింది భాగంలో వానాకాలం పది రోజులు నీళ్లు నిలుస్తాయి. లోపల ఒక రేకుల షెడ్డు, ఒక చేతి పంపు.

5. ఈ నేలలో ఏ చెట్టు ఎందుకు ఉందో వారసులకు తెలియాలి. తెలియకపోతే ఏమవుతుందో చూశాం కదా.

నలభై ఒక్క ఏళ్లు చెట్లు కోశాను కానీ నిలబడి ఉన్న చెట్టు నాకు తెలీదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మిల్లులోకి చెట్టు వచ్చేసరికి దానికి ఆకు ఉండదు, కొమ్మ ఉండదు. చెక్క చూపిస్తే కళ్లు మూసుకుని వాసన పట్టి చెప్పేవాణ్ని, ఇది ఏగిస, ఇది నల్లమద్ది, ఇది గుమ్మడి టేకు అని. అదే చెట్టు దారి పక్కన పచ్చగా నిలబడితే పక్కనుంచి వెళ్లిపోయేవాణ్ని, పరిచయం లేని మనిషిని దాటినట్టు. రిటైరయ్యాక ఈ నేల కొన్నప్పుడు, చెట్లంటే నాకు తెలియనిదేముందిలే అనుకున్నాను. ఆ పొగరుకి ఆరో అంశంలో బుద్ధి వచ్చింది.

తర్వాత మొదటి నుంచీ మొదలుపెట్టాను. రెండేళ్లు ఏమీ నాటలేదు. ఉత్తరాన గుట్ట ఎక్కి, నీళ్లు పోసేవాడు లేకుండా అక్కడ ఏం బతుకుతోందో చూశాను. రాళ్లలో చండ్ర, మోదుగ. వాలులో ఏగిస, రేల. కింద వాగు పక్కన తెల్లమద్ది, నేరేడు. బెరడు కొంచెం గీకి వాసన చూస్తేగానీ నాకు పేరు తెలిసేది కాదు. గొర్రెలు కాసే ముసలమ్మ ఒకామె నన్ను చూసి, "చెట్లకి ముద్దులు పెట్టుకుంటున్నావేంటయ్యా" అంది. ఏ చెట్టు ఎప్పుడు కాయ రాలుస్తుందో చెప్పింది ఆవిడే. గుట్ట మీద ఏది రాతిలో ఉందో మా నేలలోనూ దాన్ని రాతిలోనే పెట్టాను. నీళ్లు నిలిచే చోట మద్ది, నేరేడు పెట్టాను. అంతే విద్య, ఇంకేం లేదు.

ముందు పొదలు పెట్టాలి. తంగేడు, వావిలి, కంచె పొడుగునా వాక్కాయ. పొద నీడలో చెట్టు మొక్కకి ఎండ తగలదు, వాక్కాయ ముళ్లకి మేకలు రావు. మొక్క జానెడు ఉన్నప్పుడే నాటాలి, పొడుగు మొక్కకి వేరు చుట్టుకుపోయి ఉంటుంది. రెండు వేసవులు నీళ్లు పోయాలి, మూడో వేసవి ఎంత జాలేసినా పోయకూడదు. రాలిన ఆకు ఊడవకూడదు, కాల్చకూడదు. ఇది సలహా కాదు, షరతు. ఉల్లంఘిస్తే ఏమవుతుందో పదో అంశంలో ఉంది.

6. పడమటి గోడ అవతల ఉన్న నర్సరీవాడికి ఏమీ ఇవ్వడం లేదు. ఆ ఏమీ ఇవ్వకపోవడాన్ని కూడా రాతపూర్వకంగా ఇస్తున్నాను. నేల కొన్న మొదటి ఏడాది చండ్ర మొక్కలు కావాలని అడిగితే అరవై మొక్కలు ఇచ్చాడు. చిన్న చిన్న ఆకులు, ఈకల్లాగా, సరిగ్గా చండ్రలాగే ఉన్నాయి. మూడు నెలలకు ఆకులు వెడల్పుగా, కత్తుల్లాగా మారిపోయాయి. వెళ్లి అడిగితే, "పెద్దయ్యాక ఆకు మారుతుందండీ, మనుషులు మారరా" అన్నాడు. నమ్మాను. మిల్లు మనిషిని, ఆకు మాట ఎవరు చెప్పినా నమ్ముతాను. మూడో ఏడాది గాలికి ఒక కొమ్మ విరిగింది. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. బరువు లేదు, ఆ వాసన లేదు. అది ఆస్ట్రేలియా తుమ్మ. చిన్నప్పుడు ఒక ఆకు, పెద్దయ్యాక ఒక ఆకు, ఆ జాతి తీరే అంత. దాని కింద గడ్డి కూడా సరిగ్గా మొలవలేదు. విరిగిన కొమ్మ పట్టుకుని వెళ్లి అతని గల్లాపెట్టె మీద పెట్టాను. "ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది కదండీ, ఇంకేం కావాలి" అన్నాడు. ఆ మాట గుర్తు పెట్టుకోండి.

7. ఇక మార్చి నెల సంగతి.

ఆపరేషన్ కోసం మూడు వారాలు చిన్నదాని ఇంట్లో ఉన్నాను. మోదుగ, ఏగిస, నల్లమద్ది, గుమ్మడి టేకు, చండ్ర, ఇవన్నీ ఎండలు ముదిరే ముందు ఆకు మొత్తం రాల్చేస్తాయి. నీళ్లు దాచుకోవడానికి అవి చేసుకునే ఏర్పాటు అది. చూసేవాళ్లకి పుల్లలు పాతినట్టు ఉంటుంది. గోటితో బెరడు గీకితే లోపల పచ్చగా తడిగా ఉంటుంది. అది బతికుందనడానికి అదే గుర్తు.

పెద్దోడు ఎండలో తిరగలేడు. ఈ పదకొండేళ్లలో ఎప్పుడు నేల చూడ్డానికి వచ్చినా వానలు తగ్గాకే వచ్చాడు. అంటే వాడు ఆ చెట్లని ఆకులతో తప్ప చూడలేదు. ఈసారి నాన్నకి కళ్లు బాగయ్యేసరికి నేల శుభ్రం చేయిద్దామని మార్చిలో వెళ్లాడు. మోదుగలు ఇంకా పూత పట్టే వయసుకి రాలేదు, చూస్తే అంతా మోడు. ముసలాయనకి చూపు ఆనక నీళ్లు పోయలేదు, అన్నీ ఎండిపోయాయి అనుకున్నాడు. మిషన్ రంపం మనిషిని పిలిపించాడు. రెండు రోజుల్లో నూట ముప్పై ఎనిమిది. పచ్చగా ఉన్న వాటిని మాత్రం ముట్టుకోలేదు. పచ్చగా ఉన్నవి ఏవంటే, కింద ఉన్న నేరేడు చెట్లు పోను, ఆ నర్సరీవాడి అరవై ఆస్ట్రేలియా తుమ్మలు. నేను తీసేయాలనుకున్నవి ఉన్నాయి, నేను పెంచుకున్నవి పోయాయి. ఇంత పక్కాగా తప్పు చేయాలంటే దానికీ తెలివి ఉండాలి.

తర్వాత షెడ్డు నుంచి పంపు దాకా షోరూంలో మిగిలిపోయిన టైల్స్ పరిపించాడు, మీద నీలం పూల డిజైను. వాటి మీద నీళ్లు పడితే నిలబడలేం.

కట్లు విప్పిన నాలుగో రోజు నన్ను ఆటోలో అక్కడికి తీసుకెళ్లాడు. "నాన్నా, ఎండుకట్టెలన్నీ తీయించేశాను, ఎంత నీటుగా ఉందో చూడు" అన్నాడు. మొహం వెలిగిపోతోంది వాడికి. కొత్త కళ్లతో నేను అంత స్పష్టంగా చూసిన మొదటి దృశ్యం అది. కోసిన మొదళ్ల మీద నీరు ఊరుతోంది. ఏగిస మొదట్లోంచి ఎర్రటి జిగురు కారుతోంది. ఎండిన చెట్టుకి జిగురు ఎక్కణ్నుంచి వస్తుందిరా. కళ్లలో నీళ్లు పెట్టుకోవద్దని డాక్టరమ్మ నెల రోజులు కట్టడి చేసింది. ఏడవడానికి కూడా వీల్లేని రోజులు చూసి మరీ చేశాడు ఈ పని. ఆటో ఎక్కి కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా వాడితో ఒక్క మాట మాట్లాడలేదు. నిన్నటి దాకా నేలవైపు కూడా వెళ్లలేదు.

8. చిన్నదానికి, మూడో అంశంలో చెప్పిన ఇల్లు కాక, నా గొడ్డలి, రెండు చేతి రంపాలు, చెక్క గూటం. అల్లుడికి గొడ్డలి ఇవ్వొద్దు, తన కాలు మీద తనే వేసుకుంటాడు. గంటకోసారి కళ్లలో మందు వేయడానికి మూడు రాత్రులు మేలుకున్న పిల్లకి ఇంకా ఏదో ఇవ్వాలని ఉంది. నా దగ్గర ఏం లేదమ్మా. ఉన్నదంతా నేలలో నాటేశాను.

9. నా కోడలికి, నేల వెనక భాగం, గుట్టవైపు అర ఎకరం, అందులో నిలిచి ఉన్న ఇరవై రెండు చెట్లతో సహా, సర్వహక్కులతో, ఆమె పేరున మాత్రమే.

ఎందుకంటే ఆ ఇరవై రెండు ఉన్నది ఆమె వల్ల. రంపం మనిషి చివరి వరసకి వచ్చేసరికి ఆమె అన్నం క్యారేజీ పట్టుకుని అక్కడికి వెళ్లింది. నేను గోటితో గీకడం ఎప్పుడు చూసిందో ఏమో, ఒక మోదుగని గీకి చూసింది. "ఏవండీ, ఇది బతికే ఉంది, లోపల పచ్చగా ఉంది" అని పెద్దోడితో అంది. వాడు, "బతికుంటే ఆకులేవి మరి" అన్నాడు. టైల్స్ అమ్మేవాడు అడగాల్సిన ప్రశ్నే. అప్పుడు ఆమె రంపం మనిషి ముందు క్యారేజీ పెట్టి, "ముందు భోంచెయ్యండి, ఈ వరస మావయ్యగారు వచ్చాక చూద్దాం" అని అక్కడే ఆ చెట్టుకి ఆనుకుని కూర్చుందట. సాయంత్రం దాకా లేవలేదట. పదిహేనేళ్లలో ఆమె నా ఎదుట గట్టిగా మాట్లాడింది లేదు. ఈ సంగతి కూడా ఆమె చెప్పలేదు, రంపం మనిషే టేపుకి చెప్పాడు. అమ్మా, నిన్ను నెమ్మదస్తురాలివి అనుకున్నాను. తప్పు నాది.

10. మిగిలిన ఎకరం పెద్దోడికి.

చదివేవాళ్లు ఆగి మళ్లీ చదువుకోండి. నేను తప్పు రాయలేదు. నూట ముప్పై ఎనిమిది మోళ్లు, అరవై ఆస్ట్రేలియా తుమ్మలు, నీలం పూల టైల్స్ దారి, మొత్తం వాడికే. ఈ కింది షరతులతో:

(అ) అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, ఫంక్షన్లకి అద్దెకి ఇవ్వకూడదు. ఆ ఆలోచన వాడికి ఉందని నాకు తెలుసు.

(ఆ) ఏటా మార్చి మొదటి పదిహేను రోజులు, ఎండలో, షెడ్డులోనే ఉండాలి. ఫ్యాను పెట్టుకోవచ్చు. ఆకులు రాలేది కళ్లారా చూడాలి.

(ఇ) ఆస్ట్రేలియా తుమ్మల్ని ఒకేసారి కొట్టకూడదు. వాటి కింద ముందు పొదలు, పొదల పక్కన మన చెట్ల మొక్కలు పెట్టి, అవి నిలదొక్కుకున్నాక, ఏడాదికి పదిహేను చొప్పున తీయాలి.

(ఈ) చిగురించని పదిహేడు మోళ్లని పెకలించకూడదు. చెదలు తింటాయి, చెదల్ని పిట్టలు తింటాయి. చెడిపోయిన పనిలో కూడా ఎవరికో ఒకరికి తిండి ఉంటుంది.

(ఉ) చిగురించిన ఒక్కో మోడుకి పది, పదిహేను కొమ్మలు లేచాయి. అన్నీ ఉంచితే ఏదీ చెట్టు కాదు, పొద అవుతుంది. ఒక్కటి ఉంచి మిగతావి తీసేయాలి. కోసిన అంచు మీద నుంచి లేచింది ఎంత లావుగా ఉన్నా ఉంచకూడదు, పెద్దయ్యాక గాలికి ఊడిపోతుంది. మట్టికి దగ్గరగా, పక్క నుంచి లేచింది ఉంచాలి. అది చూడ్డానికి బక్కగా ఉంటుంది. ఆ ఎంపిక పెద్దోడే చేయాలి. వాడి బదులు కూలివాళ్లు గానీ, నా కోడలు గానీ, నేను గానీ చేయకూడదు.

వీటిలో గానీ, ఐదో అంశం షరతుల్లో గానీ ఏది తప్పినా ఈ ఎకరం కూడా కోడలికి చెందుతుంది. తప్పిందో లేదో తేల్చేది టేపు.

11. పెద్దోడికి ఎందుకు ఇచ్చావని చిన్నది అడుగుతుంది. మా ఆవిడ అడగదు, ఆమెకి తెలుసు. మొన్న మా ఆవిడ ఒక్కతే నేలకి వెళ్లి వచ్చి, చెప్పులు విప్పకుండానే, "మీ కోపం కంటే అవే ఎత్తు పెరిగాయి, వెళ్లి చూసుకోండి" అంది. నిన్న వెళ్లాను. మోదుగ చిగుళ్లు మోకాలు దాటాయి. ఏగిసవి నడుము దాకా ఉన్నాయి. వాటి మధ్య కూర్చుని వాణ్ని ఇంకోసారి తిట్టుకుందామని మొదలుపెట్టి, మధ్యలో ఒక సంగతి తట్టి ఆగిపోయాను.

పదకొండేళ్లలో నేను టేపుకి చెప్పాను, గొర్రెలు కాసే ముసలమ్మతో చెప్పాను, కంటి డాక్టరమ్మని కూడా వదల్లేదు, ఈ చెట్లు వేసవిలో ఆకు రాలుస్తాయని. పెద్దోడికి ఒక్కసారి కూడా చెప్పలేదు. మిల్లు మనిషి కొడుకు, వాడికి తెలియదా అనుకున్నాను. వాడు చిన్నప్పుడు మిల్లులో నా పక్కన దుంగల మీద కూర్చుని హోంవర్కు చేసుకునేవాడు. ఆకు లేకుండా వాడు చూసిన ప్రతి చెట్టూ చచ్చిన చెట్టే. అది నేను చూపించిన చదువే. నేను ఆకు చూసి మోసపోయాను, వాడు ఆకు కనపడక మోసపోయాడు. నన్ను మోసం చేసినవాడు తెలిసి చేశాడు. పెద్దోడు నాకు సంతోషం కలిగిద్దామని చేశాడు. దీనివల్ల నా కోపం తగ్గలేదు, పెరిగింది, కాకపోతే ఇప్పుడు అందులో నాకూ వాటా ఉంది.

12. వీలునామా మనిషి పోయాక తెరుస్తారు. అది పద్ధతి. కానీ ఆ చిగుళ్లు నేను పోయేదాకా ఆగవు. ఈ వానల్లోనే ఏది ఉంచాలో ఏది తీయాలో తేల్చకపోతే నూట ఇరవై ఒకటీ పొదలైపోతాయి. డాక్టరు నా గుండె ఇంకో పదేళ్లు లాగుతుందంటున్నాడు. అందుకని అమలుదారును ఆదేశించడమేమనగా, ఈ వీలునామాను వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు, షెడ్డులో, వారసులందరి ముందూ, పన్నెండో అంశంతో సహా, గట్టిగా చదివి వినిపించాలి. నేను కూడా అక్కడే ఉంటాను. మాట్లాడతానని మాట ఇవ్వలేను.

మొదటి మోడు దగ్గర పెద్దోడు తప్పు కొమ్మ పట్టుకుంటే దగ్గుతాను.

వాడు కొడవలి తెచ్చుకోవాలి. షోరూం ప్యాంటు వేసుకుని రాకూడదు. కడుపునిండా తిని రావాలి, పని ఒక పూటలో తెమిలేది కాదు.

ఇది నేను చదివి, సరిగ్గా ఉందని తృప్తిపడి, జూలై నెల తొమ్మిదో తేదీ, గురువారం, ఉదయం పదకొండు గంటలకు సంతకం చేశాను.

(సంతకం)
మీ నాన్న, కోత మిల్లు రిటైర్డ్ రంపం మేస్త్రి

సాక్షులు:
1. ఎదురింటి లెక్కల టీచరమ్మ (రిటైర్డ్). మోళ్ల లెక్క తను సరిచూడలేదని, మనిషి మతిని మాత్రమే సరిచూశానని రాయమన్నారు. రాశాను.
2. వీధి మలుపులో సెలూను నడిపే ఆయన. గడ్డం గీస్తూ మధ్యలో వచ్చి సంతకం పెట్టారు, సబ్బు మరక ఆయనదే.